చేప మాంసమెట్లయితది?

మా తాన మాంసమంటే యాట మాంసమే, మేకదో గొర్రెదో. కోడిని కోడికూర అంటం, చేపను చేప అంటం. అన్నిటిని కలిపి అనాల్నంటే ‘నీసు’ అని మంచి మాటుంది. గింత చిన్న ముచ్చటకు మా బాపు ఎంత గోస పడ్డడో!

బాపుది షామీర్‌పేట చెరువుల చేపలు పట్టే పని. కాలి బొటనవేలు వాసి, అడుగేస్తే పానం పోయేది. ఇగ నీళ్లల్ల దిగుడు బందైతదేమోనని ఒకటే రంది. మేడ్చల్‌ల డాక్టరు యూరిక్ ఆసిడ్ ఎక్కువైందని మందులు రాసి, “మాంసాహారం పూర్తిగా మానెయ్యాలి” అన్నడట. బాపు మాట మీద నిలవడ్డడు. బోనాలకు మా మేనమామ యాట కోస్తే ముక్క ముట్టలే. వేలు మాత్రం ఇంకింత ఉబ్బింది.

నాకు తిక్క లేసింది. తుర్కపల్లిల నేను జేసే కంపెనీకి సెలవు పెట్టి, బాపును బండి మీద ఎక్కించుకొని డాక్టరు తానికి పోయిన.

“మాంసాహారం మానేశారా?” అనడిగిండు డాక్టరు.

“ఒట్టు సారూ, ముక్క ముట్టలే.”

“మరి అన్నంలోకి ఏం తింటున్నారు?”

“ఇంకేముంటది సారూ? రెండు పూటల చేపల పులుసే!”

డాక్టరు పడి పడి నవ్విండు. “చేపలు తింటే కూడా మాంసాహారులే పెద్దాయనా!” అన్నడు. బాపు మొకం సిన్నవోయింది. నాకు ఒళ్లు మండింది.

“నవ్వుడెందుకు సారూ? నీసు బందని ఒక్క మాటంటే అయిపోయేది గదా!”

ఆయన మంచోడే, పాపం. నవ్వాపి, బాపు చెయ్యి పట్టుకొని, “నేను చెప్పేదాకా నీసు బంద్, సరేనా?” అన్నడు.

ఇంటికొస్తుంటే బాపు ఎనక నుంచి మెల్లగ అడిగిండు. “పులిని గూడ మాంసాహారి అంటరు గదా బిడ్డా. నేను గూడ గదేనా?” నవ్వొచ్చింది, మస్తు బాధ గూడ అయ్యింది.

నీసు బందైంది. వాపు తగ్గింది, బాపు మళ్ల వల పట్టిండు. ఆయన పప్పు తింటుంటే మాకు చేప ఎట్ల సహిస్తది? అమ్మ, నేను గూడ పప్పే. పట్టినయన్ని బాపు కట్ట మీదనే అమ్మి వచ్చేటోడు. కొన్నాళ్లు గిట్లనే నడిచింది. ఒకనాడు రవ్వ చేప తెచ్చి అమ్మ ముందల పెట్టిండు. “నాకొద్దు” అన్నది అమ్మ. బాపుకు కోపమొచ్చింది.

“నేను పట్టింది నా ఇంట్ల ఎవ్వలు తినకుంటే, ఇగ నేను నీళ్లల్ల దిగుడెందుకే?”

అమ్మ చింతపండు నానేసింది. మేం తింటుంటే బాపు ఎదురుంగ కూసున్నడు.

“ఉప్పు సరిపోయిందా బిడ్డా?” అనడిగిండు.

“మస్తున్నది బాపూ” అని ఇంకో ముక్క ఏసుకున్న.