ఒక్క చెంబు స్నానం

ఉద్యోగానికి బయల్దేరి నందిగామలో బస్సెక్కుతుంటే, నన్ను పెంచిన మా అక్కయ్య అడిగింది: "ఎడారంటగా, స్నానానికన్నా నీళ్ళుంటాయంట్రా?"

"ఆ నీళ్ళు తెప్పించడానికేగా నన్ను రమ్మంది," అన్నాను గొప్పగా.

బికనీరులో ఇంజనీరుగా చేరి నెలయింది. ఈ రోజు మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. అక్కయ్య పోయింది.

చావు కబురు వింటే తలస్నానం చెయ్యాలి. ఇంట్లో ఉన్నవి తాగడానికి దాచిన అర బిందె నీళ్ళు. కుళాయి మళ్ళీ రేపే.

"మీరు పోసుకోండి. నేను దాహానికి ఓర్చుకుంటాలెండి," అంది మా ఆవిడ.

ఒక్క చెంబు నెత్తిన పోసుకున్నాను. వీపు కూడా తడవలేదు.

మా ఊరి ఏరు, మునేట్లో ఈత నేర్చుకున్నవాణ్ణి. అక్కయ్య పోతే ఒక్క మునక వెయ్యలేకపోయాను. ఇలాంటి నీళ్ళ ఇంజనీరుని మీరెక్కడైనా చూశారా?