కొబ్బరికాయలు కట్టుకుని ఈత నేర్చిన ఎర్రగుంట్ల పిల్ల

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో నాయన లారీ ఎక్కి కేరళ పోయినాను.

ఎర్రగుంట్ల పక్కన మా ఊరు. నాయనకు సొంత లారీ. నాపబండలు వేసుకుని యాడెక్కడికో తిరిగొచ్చేవాడు. నేనప్పుడు ఆరో తరగతి పాసై, నన్నూ తీసకపొమ్మని ప్రాణం తోడేస్తాండా.

"ఆడపిల్ల లారీ ఎక్కేదేంది? నలుగురూ ఏమనుకుంటారు?" అని అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"నా కూతురు నా లారీ ఎక్కితే నలుగురికీ ఏం నొప్పి? ఎక్కు పాపా" అన్నాడు నాయన.

అంతే... ఎగిరి క్యాబిన్‌లో కూచున్నా.

రాయచోటి బోడికొండలు, సేలం, కోయంబత్తూరు... పాలక్కాడ్ దాటినాక లోకమే మారిపాయ. ఎటు చూసినా పచ్చన.

"ఇన్ని చెట్లకు నీళ్లెవరు పోస్తాండారు నాయనా?"

"దేవుడు పోస్తాండాడు. మన తావుకు వచ్చేసరికి ఆయప్ప చెంబు ఖాళీ అయిపోతాది."

మేం బండలు దించాల్సిన ఇల్లు అలెప్పీ అవతల. మేం నిలబడిన రోడ్డుకూ ఆ ఇంటికీ మధ్య పెద్ద కాలవ. బండలు కూడా పడవలోనే దాటించాల. మాకు నీళ్లంటే ట్యాంకరు కాడ బిందెల వరస... అన్ని నీళ్లు ఒకేసారి చూసి నాయన చొక్కా గట్టిగా పట్టుకున్నా. నాయన మాత్రం ఏం తక్కువ... ఈత రాని మనిషి, పడవలో కండ్లు మూసుకునే కూచున్నాడు!

బండలన్నీ దించినాక లారీ కదల్లేదు. యాక్సిల్ విరిగిపోయింది. సామాను సేలం నుంచి రావాలంట, వారం పట్టొచ్చంట. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఇంటి పెద్దావిడను అందరూ అమ్మచ్చి అనేవాళ్లు. తెల్ల రవిక, తెల్ల పంచె, చెవులకు బరువైన బంగారు రింగులు. నన్ను చూపిస్తా నాయనను మలయాళంలో ఎడాపెడా వాయించింది.

"ఏమంటాంది నాయనా?"

"నిన్ను లారీలో పండబెడితే నన్ను కాలవలోకి నూకుతాదంట."

అట్ల నేను అమ్మచ్చి ఇంట్లో చేరినా. నాయన అవతలి గట్టున లారీ కాడ. అమ్మచ్చి మనవరాలు జెస్సీ నా ఈడుదే. తొలిరోజు మధ్యాహ్నం నా ముందు పళ్లెం పెట్టి నవ్వుతా "కప్ప" అనింది. తెల్లగా మెత్తగా ఏందో ఉడకబెట్టిన ముక్కలు... పక్కన ఎర్రటి చేపల పులుసు. నేను ఒక్క పరుగున గట్టుకాడికి పోయి, "నాయనోయ్! వీళ్లు కప్పల్ని తింటాండారు!" అని అరిచినా. నాయన పడీపడీ నవ్వి, "అది కర్రపెండలం పాపా! వాళ్ల భాషలో కప్ప అంటే అదే" అని అరిచినాడు. నాయన ఆ మాటే తనకొచ్చిన కాస్త మలయాళంలో చెప్పినాక ఆ ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. నేను రెండుమార్లు పెట్టించుకుని తిన్నా.

మరుసటిరోజు నాయన సంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి కారంగా నూరి పంపించినాడు. అమ్మచ్చి ఒక ముద్ద తిని, కండ్లలో నీళ్లు కారతా ఉంటే, "హా... హా..." అంటా మళ్లీ చెయ్యి చాపింది!

ఆ సాయంత్రమే అమ్మచ్చి రెండు ఎండుకొబ్బరికాయలు పీచుతోనే కలిపి కట్టి, నా చంకల కింద పెట్టి, కాలవ మెట్ల మీద నిలబెట్టింది. జెస్సీ అప్పటికే చేపపిల్ల మాదిరి నీళ్లలో ఉండాది. నేను మెట్టును వదల్లేదు. "వా మోళే... పేడిక్కండ" అనింది అమ్మచ్చి. రా తల్లీ, భయపడాకు అని. మాటలు అర్థం కాలేదు గానీ ఆ గొంతు అర్థమైంది. చెయ్యి వదిలేసినా.

మునిగినా. ముక్కుల్లోకి నీళ్లు. ఏడ్చినా. మళ్లీ దిగినా. రోజూ పొద్దున, సాయంత్రం అదే పని... కడాకు ఒకరోజు అమ్మచ్చి నా కింద నుంచి కొబ్బరికాయలు గుంజేసింది. నేను తేలతానే ఉండా!

సామాను వచ్చింది, లారీ బాగైంది. నాయన అవతలి గట్టున నిలబడి పడవలో రమ్మని చెయ్యి ఊపినాడు.

"నేను ఈదుకుంటా వస్తా నాయనా!"

"వద్దు పాపా! నీకేమన్నా ఐతే మీయమ్మకు నేనేం చెప్పాల? నాకూ ఈత రాదు!"

నేను దూకేసినా. పక్కన జెస్సీ, ఎనక పడవలో అమ్మచ్చి. నడిమధ్యలో చేతులు బరువెక్కినాయి... గట్టు దగ్గరికే రాదే! ఎనక్కి మాత్రం తిరగలేదు. చెయ్యేసినా, కాలేసినా... నా వేళ్లకు గట్టు మట్టి తగిలింది.

నాయన మోకాళ్ల దాకా నీళ్లలోకి వచ్చేసినాడు. నన్ను ఎత్తి భుజాన కూచోబెట్టుకుని ఆ మలయాళపు ఊరంతా వినేటట్టు తెలుగులో అరిచినాడు... "నా కూతురప్పా! మా ఊర్లో మొగోళ్లకే రాదు ఈత, నా కూతురికొచ్చింది!"

పడవలో అమ్మచ్చి చప్పట్లు కొడతా, "మిడుక్కి! మిడుక్కి!" అనింది. గట్టిపిల్ల అని అర్థమంట. జీవితంలో నాకొచ్చిన తొలి బిరుదు అదే...

ఆ ఏడు కేసీ కాలవకు నీళ్లొదిలినప్పుడు, మేనత్త వాళ్ల ఊర్లో నా ఈడు ఆడపిల్లలందరినీ నీళ్లలోకి దింపినా. నడుములకు ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు కట్టి నేనే నేర్పించినా. వాళ్లలో మునిగినోళ్లు లేరు, ఏడ్చినోళ్లు శానామంది!

తర్వాత ఉద్యోగంలో ఒడిశా పోయినా, గుజరాత్ పోయినా, అస్సాం పోయినా. కొత్త ఊరికి బదిలీ అంటే తోటివాళ్లు దిగులు పడతారు. నేను మాత్రం అక్కడ ఎవరి వంటింట్లో కూచుని ఏం తినబోతానా అని పెట్టె సర్దుకుంటా...

ఇప్పుడు బండి ఆగితే ఫోన్ చేస్తాం, గంటలో ఇంకో బండి వస్తాది. మంచిదే... కానీ దారిలో ఆగిపోయి, తెలియనోళ్లింట్లో వారం రోజులు బిడ్డగా పెరిగే అదృష్టం మన పిల్లలకు యాడిది?

భాష తెలియని ఇంట్లో మీరూ ఎప్పుడన్నా కడుపునిండా తిన్నారా? ఎవరింట్లో, ఏం పెట్టినారు... చెప్పండప్పా, వినాలని ఉండాది.