ఎడమవైపు బ్లింకర్

మా ఆయన పోయిన మూడో నెలలో, జర్మనీలోని బ్రెమెన్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కింది ఇంటివాళ్ల కారు బ్లింకర్ వెలుగుతోందని నేను అబద్ధం చెప్పాను. కావాలని చెప్పలేదు. అయినా అబద్ధమే.

ఆ మూడు నెలలూ నాకు సరిగ్గా గుర్తులేవు. అన్నం తిన్నానో లేదో సింకులో గిన్నెలు చూసి తెలుసుకునేదాన్ని. ఆఫీసు పని ఇంట్లోంచే కాబట్టి కెమెరా ఆపేసి, అడిగినదానికి జర్మన్‌లో ‘యా’, ‘నైన్’ అని అవును కాదులతో నెట్టుకొచ్చాను. ఏడుపు రాలేదు. కాకినాడ నుంచి అమ్మ రోజూ వీడియోలో నా మొహం చూసి, తనే ఏడ్చి ఫోను పెట్టేసేది. కరోనాకి వీసాలు ఆపేశారు, ఎవరూ వచ్చే దారి లేదు. పదకొండో రోజు కార్యక్రమం అక్కడ మా మరిది చేస్తుంటే ఇక్కడ నేను ఫోను పంచదార డబ్బాకి ఆనించి చూశాను. మధ్యలో చార్జింగ్ అయిపోయింది. లేచి వైరు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఒక్క పని మాత్రం శ్రద్ధగా చేసేదాన్ని. బయటికి వెళ్లాలంటే తలుపుకి చెవి ఆనించి, మెట్ల మీద చప్పుడు లేదని తేల్చుకున్నాకే గడప దాటేదాన్ని. కింది అంతస్తులో కరీంనగర్ జంట ఉంటారు. ఆ అమ్మాయికి నెలలు నిండాయి. నేను ఎదురుపడకూడదు.

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అసలు ఈ చాదస్తం పేరెత్తితే ఒంటికాలి మీద లేచేదాన్ని నేనే. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఊరికి బయల్దేరుతూ, భర్త పోయిన పిన్నత్తగారు గుమ్మంలో ఎదురైందని వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగారు. “పాపం, ఆవిడేం చేసిందండీ?” అని అందరిలో నిలదీశాను. దాంతో అత్తగారికీ నాకూ నెల్లాళ్లు మాటల్లేవు. అంత పౌరుషమూ ఏ గంగలో కలిసిందో! మా ఆయన పోయాక నన్ను పక్కకి తప్పుకోమన్నవాళ్లు ఒక్కరు లేరు. నేనే తప్పుకున్నాను.

ఆ అబ్బాయి మాత్రం బంగారం. తమ్ముడూ అని పిలుస్తాను. వారానికి రెండుసార్లు పప్పో పులుసో డబ్బాలో పెట్టి, నా తలుపు దగ్గర ఉంచి, బెల్లు కొట్టి, నేను తీసేలోపే దిగిపోయేవాడు. ఆ అమ్మాయి ఎప్పుడూ పైకి రాలేదు. రాకపోవడమే మంచిదనుకున్నాను.

ఆ రోజు శనివారం. పొద్దున్నే చెత్త సంచి పట్టుకుని కిందికి దిగితే తమ్ముడు బానెట్ ఎత్తి అందులో తలదూర్చి ఉన్నాడు. ముందువైపు బ్లింకర్లు రెండూ పోయాయట. వర్క్‌షాప్‌లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, మూడు వారాల తర్వాత ఇచ్చారు. కాన్పు తేదీ ఎనిమిది రోజుల్లో ఉంది. హాస్పిటల్ ఊరికి ఆ చివర, దారంతా ఆటోబాన్ హైవే. ఇక లాభం లేదని వీడియో చూసి తనే మార్చుకుంటున్నాడు. షాపులన్నీ మూసి ఉంటే పెట్రోల్ బంకులో దొరికిన తెల్ల బల్బులు తెచ్చాడట. అవి హోల్డర్‌లో కూర్చోలేదు. లైటు మీది అద్దం తెల్లగా ఉంటే బల్బు నారింజ రంగుది ఉండాలని అప్పుడు తెలిసి, మళ్లీ వెళ్లి అవి తెచ్చాడు. కుడివైపుది అయిపోయింది. ఎడమవైపు బ్యాటరీ అడ్డం, చెయ్యి పట్టదు. ముంజేయి గీసుకుపోయి ఎర్రగా ఉంది.

“దేవుడే పంపిండు నిన్ను అక్కా! నేను లోపల కూసోని బ్లింకర్ వేస్త. జర ముందట నిలబడి చూడరాదు, వెలుగుతుందో లేదో.”

మాస్కు ఉంది కాబట్టి నా మొహం కనపడలేదు. ఎనిమిది రోజుల్లో ఆ అమ్మాయిని కాన్పుకి తీసుకెళ్లే బండి అది. దానికి ఎదురుగా, పోయి పోయి, నన్ను నిలబడమంటున్నాడు. కాదనలేకపోయాను. సరే అన్నాను. అని, సైకిళ్లు పెట్టే చోటికి, కారుకి పక్కగా వెళ్లి నిలబడ్డాను.

డోరు దగ్గరి అద్దం మీద చిన్న దీపం నారింజ రంగులో వెలిగి ఆరుతోంది. అక్కణ్నుంచి నాకు కనపడేది అదొక్కటే.

“వెలుగుతోందా అక్కా?”

“వెలుగుతోంది తమ్ముడూ.”

“లేదక్కా, లోపల టకటక స్పీడుగా కొట్టుకుంటుంది. ముందటి బల్బు వెలగకపోతెనే గట్ల కొట్టుకుంటది. మంచిగ చూడు.”

“వెలుగుతోందన్నాను కదా!” అని అరిచాను. పాపం, అతను ఏమన్నాడని.

తమ్ముడు దిగి ముందుకి వచ్చి చూశాడు. ముందు దీపం వెలగడమే లేదు. బల్బు సగమే తిరిగి ఆగిపోయింది. తర్వాత నేను నిలబడ్డ చోటు చూశాడు. కారు ముందున్న ఖాళీ చూశాడు. “ఏడ నిలబడి చూస్తున్నవ్ అక్కా...” అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. మనవాడే కదా, అర్థమైపోయింది. తలొంచుకుని మళ్లీ బ్యాటరీ సందులో చెయ్యి పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చెత్త సంచి తీసుకుని కదలబోయాను.

“ఏడికి పోతున్నవ్ అక్కా? ఆగు!”

బాల్కనీలోంచి ఆ అమ్మాయి. ఎప్పటి నుంచి చూస్తోందో. “నువ్వు దిగకే” అని మొగుడు మొత్తుకుంటున్నా వినకుండా, నడుం మీద చెయ్యి పెట్టుకుని, స్వెటర్ గుండీలైనా పెట్టుకోకుండా దిగి వచ్చేసింది. నేను వెనక్కి జరిగాను. గోడ తగిలింది.

“నన్ను చూసి తప్పుకుంటున్నవా?”

“అది కాదమ్మా, ఇలాంటి టైములో నేను...”

“ఏం టైము?” రొప్పుతోంది. “బావను అంబులెన్స్ ఎక్కించిన దినం ఎదురొచ్చింది నేనే అక్కా. ఎరుకేనా నీకు?”

నాకు తెలియదు. ఆ రోజుది నాకు గుర్తున్నది స్ట్రెచర్ చక్రాలు, నన్ను ఎక్కనివ్వకుండా వేసేసిన తలుపు. అంతే.

“కూరగాయల సంచులు పట్టుకొని గేటు కాడ నేనే ఎదురొచ్చిన. బొట్టు, గాజులు, ఆరో నెల కడుపు. నాకంటే మంచి శకునం ఇంకేముంటది? బావకేం కాదని మా అమ్మకు ఫోన్ చేసి గూడ చెప్పిన. ఇన్ని దినాలు పైకి ఎందుకు రాలేదనుకున్నవ్? నీ మొహం ఎట్ల చూడాల్నో తెల్వక.” కళ్లు తుడుచుకోకుండానే అడిగింది. “మరి బావ వచ్చిండా అక్కా?”

“రాలేదు,” అన్నాను.

ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు. అందరికీ ఫోన్ల మీద ఫోన్లు వెళ్లిపోయాయి, నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. “రాలేదమ్మా, ఆయన రాలేదు” అని మళ్లీ అన్నాను. ఆపుకోలేక అంటూనే ఉన్నాను. మాస్కు తడిసి మూతికి అంటుకుపోయింది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కారు ముందుకి లాక్కెళ్లింది. మనిషికీ మనిషికీ ఉండాల్సిన దూరం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. బంపర్‌కి సరిగ్గా ఎదురుగా నిలబెట్టి, “ఇగ వెయ్యి” అంది మొగుడితో.

తమ్ముడు బల్బు బిగించి లోపలికెళ్లి కూర్చున్నాడు.

“వెలుగుతోందా అక్కా?”

కళ్ల నిండా నీళ్లు. ఏమీ కనపడటం లేదు.

“ఆగు తమ్ముడూ,” అన్నాను. “చూసి చెబుతాను.”