దొడ్డమ్మ నన్ను బస్సెక్కించిన రోజు

నా చిన్నప్పుడు చోడవరంలో నాకంటూ ఉన్నది ఒక్క మా దొడ్డమ్మే. మా అమ్మ నన్ను కని కన్నుమూస్తే, ఆవిడకి అక్క అయిన దొడ్డమ్మ నన్ను పొత్తిళ్ళలోనే తెచ్చేసుకుందట. ఆవిడకి పిల్లల్లేరు, భర్త పోయాడు. ఆయన వదిలి వెళ్ళింది రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో ఓ మునగచెట్టు. మా నాన్న రావికమతంలో మళ్ళీ పెళ్ళి చేసుకుని చెరుకు పండించుకునేవాడు. ఏడాదికోసారి బెల్లం పట్టుకుని వచ్చి, నన్ను ఓసారి చూసి, తిరుగు బస్సుకి వెళ్ళిపోయేవాడు.

దొడ్డమ్మ నన్ను పెంచుకుంది గానీ దత్తత తీసుకోలేదు. ఆ రెంటికీ తేడా ఉందని మా వీధిలో ఎవరూ అనుకోలేదు. పెంచింది కాబట్టి ఇల్లు ఎలాగూ పిల్లదేనని అందరి ధీమా. దొడ్డమ్మ భర్తకి తమ్ముడి కొడుకు ఒకడుండేవాడు, అతనికి మాత్రం తేడా బాగా తెలుసు. వచ్చినప్పుడల్లా గోడలు తట్టి చూసేవాడు. వెళ్ళేటప్పుడు నా వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళుమంట, భయం కూడా. అతను గుమ్మం దాటాక దొడ్డమ్మ అతను తట్టిన చోటల్లా కొంగుతో గోడ తుడిచేది.

ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ ఆస్తి గురించి కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు భర్త ఇంట్లో విధవ బతికినన్నాళ్ళు ఉండొచ్చు, తనకి నచ్చినవాళ్ళకి రాసివ్వడానికి మాత్రం లేదు. కొత్త చట్టంతో ఆ ఇల్లు పూర్తిగా దొడ్డమ్మదైంది. కానీ వీలునామా రాయకుండా పోతే మళ్ళీ భర్త తరఫు వాళ్ళకే చేరుతుందని ప్లీడరుగారు ఆవిడకి చెప్పారట. ఇదంతా నేను తరవాత తెలుసుకున్నది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక పొద్దున దొడ్డమ్మ నా బట్టలన్నీ మూట కట్టడం.

బస్సు దగ్గరికి దగ్గరిదారి ఉండగా, నన్ను బజారు మధ్య నుంచి నడిపించింది. దారిపొడుగునా అందరూ పలకరించేవాళ్ళే. గుంటని, అంటే నన్ను, ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడిగిన ప్రతి వాళ్ళకీ ఆవిడ గొంతు పెంచి ఒకే మాట చెప్పింది. "ఆల నాన్న కాడికి ఎల్తంది. ఎన్నాలో సెప్పలేను." నేను ఏడుపు లంకించుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. ఎప్పుడూ నా మీద చెయ్యి చేసుకోని మనిషి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నన్ను బస్సులోకి ఎక్కించింది. "నేను కబురెట్టే దాకా రాకు" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

రావికమతంలో నన్నెవరూ కష్టపెట్టలేదు. పిన్ని కసరలేదు, విసుక్కోలేదు. చుట్టానికి పెట్టినట్టు ముందు నాకే అన్నం పెట్టి, "చాలా?" అని మర్యాదగా అడిగేది. అంత మర్యాద నేను అదివరకు ఎరగను. దొడ్డమ్మ అయితే తినకపోతే తిట్టిపోసేది. తమ్ముళ్ళు తలుపు చాటు నుంచి నన్ను వింతగా చూసేవారు. నాన్న కూడా ఎందుకో ఊరు కదల్లేదు, దొడ్డమ్మ కబురు ప్రకారమే అని అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నాలు చెరుకు తోట గట్టున ఒక్కదాన్నే కూర్చుని, అక్కడా నేను అక్కర్లేదు, ఇక్కడా నేను అవసరం లేదు అనుకునేదాన్ని. అంత ఒంటరితనం, ఇంతకాలం బతికాను కదా, మళ్ళీ ఎరగను.

కొన్నాళ్ళకి దొడ్డమ్మే వచ్చి తీసుకెళ్ళింది. ఎందుకు పంపావని అడిగితే, నా మూట విప్పి బట్టలు దండెం మీద వేసింది. నేను మూతి ముడుచుకుని తిరిగాను. ఆవిడ బతిమాలలేదు, మునక్కాడల పులుసు మాత్రం చేసి పెట్టింది.

రెండు మూడేళ్ళకి దొడ్డమ్మ పోయింది. దినవారాలు కాగానే ఆ మరిది కొడుకు ఇంటికి తాళం వేశాడు. అప్పుడు బయటపడింది, ఆవిడ ఇల్లు నా పేర రాసిందని. వీలునామా మీద సాక్షులుగా వీధి పెద్దలెవరినీ పిలవలేదు. అందుకు వాళ్ళకి కోపం కూడా వచ్చిందట. "ఆ ముసలోలు నాకంటే ముందే పోతే రేపు కోర్టుకి ఎవులొత్తారు?" అని, ఈడులో ఉన్న పక్కింటి అక్క చేత, ఆసుపత్రి కాంపౌండరు చేత సంతకాలు పెట్టించిందట.

అనుకున్నట్టే వ్యవహారం కోర్టుకెక్కింది. పిల్ల తండ్రే దగ్గరుండి, ముసలావిడని ఒత్తిడి చేసి రాయించాడని అవతలి ప్లీడరు వాదన. నాన్న పక్కన బిక్కుబిక్కుమంటూ నేను. పక్కింటి అక్క బోనెక్కి, కొంగు సర్దుకుని చెప్పింది. "అప్పుడు ఊర్లో తండ్రీ నేడు, గుంటా నేదు బాబూ. అది ఏడ్సుకుంటా బస్సెక్కింది. ఈదంతా సూసింది. ఆ తరవాత, అది తిరిగి రాకముందే రాయించింది." అక్కనే కాదు, బజారులో ఎవరిని పిలిచినా అదే చెప్పారు. నాకు ముందే చెప్పి పంపి ఉంటే నేను నవ్వుతూ బస్సెక్కేదాన్ని, అది ఎవరికీ గుర్తుండేది కాదు. ఇల్లు నాదైంది.

కోర్టు బయట అక్క నా జుట్టు సవరిస్తూ ఇంకో సంగతి చెప్పింది. నేను రావికమతంలో ఉన్నన్నాళ్ళూ దొడ్డమ్మ రోజూ సాయంత్రం బస్సు వచ్చే వేళకి వెళ్ళి నిలబడేదట. అక్క అడిగితే, "ఆ గుంట ఎక్కడ వచ్చేత్తాదో అని బయ్యంగుందే" అందట. బస్సంతా ఖాళీ అయ్యాక, నేను కనబడకపోతే మాత్రం, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చేదట.

ఆ ఇంట్లోనే ఉంటున్నాను ఇప్పటికీ. నన్నంత ఏడిపించకుండా ఇంకో దారి దొరకలేదా అని అప్పుడప్పుడు ఆవిడ మీద కోపం కూడా వస్తుంది. అయినా నావాళ్ళెవరైనా నన్ను దూరం పెట్టారనిపిస్తే, తొందరపడి మనసు విరిచేసుకోను. వాళ్ళు నాకు తెలియకుండా ఏ బస్సుకోసం నిలబడి ఉన్నారో అనుకుంటాను.