ఖుమ్రు బాబాయి పోగొట్టుకునే గిన్నె

ఖుమ్రు బాబాయికి గిన్నె పోతుంది. ఒకసారి కాదు, రోజూ. చిన్న సూర్యుడు పొడిచేసరికల్లా ఆరు చేతులూ నెత్తిన పెట్టుకుని, నౌకలు దిగే మెట్టు దగ్గర తయారు.

బాబాయి ఉండేది ఒక వీడియోగేమ్‌లో. అందులో పోర్వా మొదటి ఊరు. ఆడడానికొచ్చే ప్రతి వీరుడూ అక్కడే దిగాలి. దిగడమే ఆలస్యం, బాబాయి అడ్డం పడతాడు.

"బాబూ, నా గిన్నె చూశావా? మా అమ్మ ఇచ్చిన గిన్నె!"

"నిన్న అత్తగారిచ్చిందన్నావుగా!" పక్కనే నాచుపులుసు కాచే తిల్వ అరుస్తుంది.

"అమ్మ అత్తగారికిచ్చింది. అత్తగారు నాకిచ్చింది. నీ పులుసు పొంగుతోంది చూసుకో!"

తిల్వ ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకుని ఊరుకుంది గానీ, మొన్న ఆమె పాక కింద రాతిపురుగు చేరింది. రాత్రికో స్తంభం చొప్పున నమిలేస్తోంది. ఇక రెండే మిగిలాయి. దాన్ని తరిమే వీరుడి కోసం ఆమె మూడు కళ్ళూ కాయలు కాస్తుంటే, వచ్చినవాడు వచ్చినట్టే గిన్నె కోసం ఊరి పక్క లోయలోకి దిగుతున్నాడు.

గిన్నె రోజూ లోయలోనే ఎలా పోతోందని అనుమానమొచ్చి, ఆ ఉదయం తిల్వ ముందే లేచి లోయ దారిలో కాపు కాసింది. బాబాయి వచ్చాడు, ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో పార.

"ఓరి నీ దుంపతెగ! నువ్వే దాస్తున్నావా?"

"గట్టిగా అరవకమ్మా, నౌక దిగుతోంది!"

తిల్వ గిన్నె లాక్కుని, దిగిన కొత్తవాణ్ణి నేరుగా పురుగు మీదికి తోలింది.

గుటుక్కు. చచ్చిన వీరుడు మళ్ళీ మెట్టు మీదే పుట్టాడు, వెళ్ళాడు. గుటుక్కు. ఈసారి మెట్టు మీద పుట్టినవాడు కదల్లేదు. "ఈ ఆట నాకు రాదు" అన్నాడు. అతని ఒంటి అంచులు మసకబారుతున్నాయి. ఆట మానేసి అలా మసకబారి వెళ్ళినవాడు మళ్ళీ రాడు.

"దూకడమే రాని పిల్లవాడమ్మా," బాబాయి గొణిగాడు. "లోయలో నాలుగుసార్లు పడితే వచ్చేది. అక్కడ పడితే దెబ్బ తగలదు, నవ్వేవాళ్ళుండరు. భయస్తుడైతే గిన్నె దగ్గర్లో పెడతాను, పొగరుబోతైతే దూరంగా."

తిల్వకి బాబాయి ఎత్తు అప్పటికి అర్థమైంది. వెంటనే గిన్నెను గిరగిర తిప్పి లోయలోకి విసిరి, ఉన్న నాలుగు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"బాబూ, వెళ్తే వెళ్దువుగాని! మా బాబాయి గిన్నె పోయింది, కాస్త చూసి పెడుదూ!"

కొత్తవాడు నవ్వాడు. అంచులు చిక్కబడ్డాయి. సాయంత్రానికి ఒళ్ళంతా దుమ్ముతో, గిన్నె నెత్తిన బోర్లించుకుని వచ్చాడు. అదే ఊపులో పురుగు వీపు మీదికి దూకి, దాన్ని ఊరవతలదాకా తరిమాడు.

మర్నాడు మెట్టు దగ్గర రెండు ఏడుపులు.

"బాబూ, నా గరిటె చూశావా?" అంటోంది తిల్వ.

పక్కనుంచి బాబాయి అమాయకంగా అడిగాడు: "ఎవరిచ్చిందమ్మా? అమ్మా, అత్తగారా?"