కొలిమి దగ్గర నల్లద్దాలు

స్టేషన్ ఘన్‌పూర్‌లో సూర్యుడు రోజూ మా వెంకట్రాజం తాతకు తన ఎరుపు చూపించి, "సరిపోయిందా?" అని అడిగాకే పైకి లేస్తాడు. తాత కన్ను అలాంటిది. ట్రాక్టర్ పిన్నును కొలిమిలో పెట్టి, రంగు చూసే వేడి చెబుతాడు. సరైన ఎరుపులో తీసి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. ముందే తీస్తే మెత్తగానే మిగులుతుంది.

మొన్న ఆయన కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది. లోకమంతా తళతళలాడింది. భద్రమ్మ నానమ్మ ముఖం మీది ముడతలు కూడా కనిపించాయి. ఆ మాట పైకి అనేసి పొద్దుటి చాయ్ పోగొట్టుకున్నాడు.

చాయ్ పోయిన ఆ రోజే మరిపెడ రైతు రమాకాంత్ పిన్ను కోసం వచ్చి కూర్చున్నాడు. తాత పిన్నును కాల్చి, ముంచి, ఆకురాయితో గీశాడు. ఉక్కు గట్టిపడితే జారిపోవాల్సిన ఆకురాయి కసుక్కున దిగింది. మళ్లీ కాల్చినా అంతే. తాత ముఖం మాడిపోయింది.

"కన్ను పోయిందా మామా?" అన్నాడు రమాకాంత్.

"పోలేదురా, వచ్చింది. గదే లొల్లి!"

మసక కళ్లకు అలవాటైన ఎరుపు ఇప్పుడు తొందరగా వచ్చినట్టు కనిపిస్తోంది మరి. తాత కాసేపు ఆలోచించి, దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఈసారి చాలాసేపు ఆగి ముంచాడు. ఆకురాయి సర్రున జారింది.

"తాతా, సినిమా హీరో లెక్కనే ఉన్నవ్! నీ కథ రాస్త," అంది గుమ్మంలో నిలబడ్డ మనవరాలు తేజస్వి.

తాత ఇంకో పిన్ను కొలిమిలో పెట్టాడు.

"రాసుడు తర్వాత. ముందుగాల తలుపు మూయి, వెలుతురుకు రంగు కనవడ్తలేదు."