విశాఖ బీచ్‌లో మల్లెపూలు

ఉప్పల్ మార్కెట్లో ఎండుచేపల బుట్టలు కనిపిస్తే అందరూ గబగబా దాటిపోతారు. నాకు మాత్రం మా బాపు గుర్తొచ్చి కాళ్లు ఆగిపోతాయి.

బాపు నాచారంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ గోడ వెనక సందులోనే మా ఇల్లు. నా చిన్నప్పుడు తోటి పనివాడి పెళ్లికని ఒకసారి మమ్మల్ని విశాఖ తీసుకెళ్లాడు. మర్నాడు బీచ్‌కి వెళితే, పడవల దగ్గర ఇసుక మీద చేపలు ఎండుతున్నాయి. అమ్మా నేనూ ముక్కు మూసుకున్నాం. బాపు మాత్రం వాటి పక్కనే కూర్చుని పల్లీలు తింటున్నాడు.

చేపలు తిరగేస్తున్న ఆమె నవ్వింది. "అందరూ ముక్కు మూసుకుని పోతారు. నువ్వేటి బాబూ, ఇక్కడే కూకున్నావు?"

ఆమె పనిని బాపు అసహ్యించుకోలేదని నాకు గర్వంగా అనిపించింది.

అమ్మ తన జడలోని మల్లెపూలు తీసి బాపు ముక్కు దగ్గర పెట్టింది.

"కండ్లు మూసుకొని చెప్పు, ఇదేంది?"

"చేపనే గదా" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ఎప్పటిసంది?"

"శానా రోజులైంది. ఎవ్వరికి చెప్పకు, పనిల నుంచి తీసేస్తరు. ఆడ గ్యాస్ లీకైతే ముందుగాల వాసన పట్టాల్సింది నేనే."

తిరిగొచ్చాక అమ్మ ఎప్పటిలాగే టిఫిన్ కట్టింది, బాపు డ్యూటీకి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంటికొచ్చేదాకా అమ్మ మాటిమాటికీ గుమ్మంలోకొచ్చి ఫ్యాక్టరీ వైపు గాలి పీల్చేది.

వాన వస్తుందేమోనని చూస్తోందనుకునేదాన్ని.